పేజీ తిప్పే చెయ్యి

ఇరవై రెండేళ్ళు
ఈటా గార్వీకి ఎడమ పక్క కుర్చీ నాది.
డబ్లిన్ వాద్యబృందం, రెండో వయొలిన్ల వరుస, మూడో స్టాండు.
సభ వైపు ఆమె, లోపలి వైపు నేను.
లోపలివాళ్ళే పేజీ తిప్పాలి, అది మాలో రాయని చట్టం.
అందుకే ఏ పుటలోనూ చివరి రెండు స్వరాలు
నేను వాయించి ఎరగను.
నా వంతు కూడా ఆమే వాయించేది,
ఒక్కసారైనా దెప్పకుండా.

కిందటి అక్టోబరులో కొలువు మానేసి
పడమటి తీరానికి పోయింది.
లైఫ్‌బోటుకి కొత్త ఇంజను కావాలట,
చందాలకు ఊరి హాల్లో కచేరీ అట,
అక్కడి పాటలు అక్కడి తీరులోనే వాయిస్తానని
ఎవరికో నోరు జారి మాటిచ్చిందట.
"ఎంతలే, నాలుగు వేళ్ళ పనే కదా" అంది ఫోన్లో.
మళ్ళీ ఫోను చేసేసరికి క్రిస్మస్ దాటింది.
గొంతులో ఉన్నది జలుబో ఏడుపో
నేను అడగలేదు.

గురువు పేరు మానస్ మెక్‌నెలిస్.
పడవ ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి.
ఫిడేలు గడ్డం కిందికి రాదు, రొమ్ముకి ఆనుతుంది.
విల్లుని కొస వదిలేసి జానెడు పైన పట్టుకుంటాడు.
మా బడిలో అయితే మొదటిరోజే గేటు చూపించేవాళ్ళు.
ఈటా స్వరాలు రాసిన కాయితం తీస్తే
నాలుగు మడతలు పెట్టి
ఊగుతున్న బల్లకాలి కిందికి తోశాడట.

"మరీ ఉతికి ఇస్త్రీ చేసినట్టుంది అమ్మాయ్,
గంజి తగ్గించు."
"స్వరాన్ని అలా వణికిస్తావేం, దానికి చలేస్తోందా?"
"ఆ మూడోది కొంచెం మింగు.
ఉందని తెలియాలి, కనపడకూడదు,
రొట్టెలో ఉప్పు."

కెటిల్ కూత పెట్టినా ఆపకూడదు.
కుక్క లేచి బయటికి పోతే
పాట మళ్ళీ మొదట్నించీ.
ఫిబ్రవరి అంతా ఆ కుక్క బయటే ఉందట.

ఏప్రిల్లో నేను బస్సెక్కాను.
ఐదు గంటలు, ఒక చోట మారడం, దారంతా అడ్డంగా వాన.
హాలు నిండా తడికోట్ల వాసన,
నేలమీద బాడ్మింటన్ గీతలు,
మూలన టీ డ్రమ్ము గురక.
వంటింటి కుర్చీ ఒకటి వేశారు, ఆమె వచ్చి కూర్చుంది.
ముందు స్టాండు లేదు.
ఈటా మోకాళ్ళు ఇంతమంది చూడటం ఇదే మొదలు.

మొదటి జిగ్ తప్పులేకుండా వాయించింది.
బడిపిల్ల పద్యం అప్పజెప్పితే కొట్టినట్టు
చప్పట్లు కొట్టారు.
మానస్ బూటు కదల్లేదు.

రీల్ ఎత్తుకున్నప్పుడు
వెనక బెంచీలోంచి బ్లానిడ్ లేచింది.
చేపల కార్ఖానాలో డబ్బాలకు మూతలేసే మనిషి, అరవై దాటింది.
ఎవరినీ అడగలేదు, ఎవరివైపూ చూడలేదు,
తెల్లగీత మీద నిలబడి
మడమతో నేలని పిలిచింది.
ఈటా తల ఎత్తి ఆ పాదాలు చూసింది.
విల్లు సగానికి కుదించుకుపోయింది,
మింగవలసినదాన్ని మింగింది,
గరగరమంది, ఒకచోట జారింది, జారినదాన్ని వదిలేసింది.
ఆ చెయ్యి నాకు తెలుసు.
ఆ చెయ్యి నాకు తెలియదు.

పాట మలుపుకొచ్చింది.
నా కుడిచెయ్యి, నా ప్రమేయం లేకుండా,
వేలికొస తడుపుకొని గాల్లోకి లేచింది.
లాటరీ టికెట్లమ్మే పిల్ల పరుగున వచ్చి
ఎన్ని కావాలంది.
ఐదు కొన్నాను.

తరవాత టీ దగ్గర పాట పేరేమిటని అడిగాను.
మా మేనత్త దానికి ఓ పెయ్యదూడ పేరు పెట్టింది,
అవతలి ఒడ్డువాళ్ళు ఇంకేదో అంటారు,
నువ్వేమన్నా ఇదే పలుకుతుంది అన్నాడు మానస్.

"మూడుసార్లు తిప్పి ఆపాలనుకున్నాను" అంది ఈటా,
కప్పుని రెండు చేతులా పట్టుకుని.
"ఆపడం ఎక్కడో తెలియలేదు.
పుట చివర నీ చొక్కాచెయ్యి చప్పుడు
వస్తుందని చూశాను, రాలేదు.
ఐదయ్యాయి."

ఆ పక్కనే బ్లానిడ్
ఇంకా ఆయాసం తీరక
బూటు విప్పి
అరికాలు చూసుకుంటోంది.