లైట్లార్పే పని

కర్నూలు పెద్దాసుపత్రి, మూడో థియేటర్.
లైట్లార్పడం నా పని.
దాన్నెవరూ పనిగా లెక్కపెట్టరు.

బల్లమీద ఉరుకుందప్ప, యాభై మూడేళ్లు,
తుగ్గలి పక్క పల్లె.
బుడ్డల పంట ఎండిన ఏడాదల్లా
తొలకరి పడ్డ మర్నాడు
ఎర్రచేలల్లో వంగి వంగి వజ్రాలు వెతికినవాడు.
ఇరవై ఏళ్లలో ఒక్క రవ్వా దొరకలేదు.

"తాగడు సిస్టరమ్మా, ఈరన్నసామి తోడు"
అడక్కముందే మూడుసార్లు చెప్పింది భార్య నాగలచ్చుమ్మ.
ఈ కామెర్ల పురుగు తాగుడు చూసి రాదని
నేనూ మూడుసార్లే చెప్పాను.

నాలుగు రోజుల కిందట
అతని నరంలోకి ఆకుపచ్చ రంగు ఎక్కించింది నేనే.
సూది దిగుతుంటే నాకు పాఠం చెప్పాడు:
"ఎండ నెత్తిన ఉంటే రాయి కనపడదు.
పొద్దు వాలల్ల. మనిషి నేలకు వంగల్ల.
దొరికిందా, కేక పెట్టగూడదు.
గుప్పిట మూసి గమ్మున ఇంటికి పోవల్ల."

సాదియా మేడమ్ తలెత్తకుండా అంటుంది: "లైట్స్."

ఆర్పేస్తాను.
మత్తుయంత్రం ఊపిరి ఒక్కసారిగా పెద్దదవుతుంది.
ఏ కంటికీ ఆనని వెలుగొకటి
కాలేయం మీద ఏటవాలుగా పడుతుంది.

మంచి కాలేయం
నాలుగు రోజుల్లో రంగంతా పైత్యరసంలో కడిగేసుకుంది.
కంతికి కడుక్కోవడం చేతకాదు.
దాచుకుంది.
దాచుకున్నందుకే పట్టుబడింది,
తెరమీద నిమ్మకాయంత పచ్చగా.

దానికి బెత్తెడు అవతల,
ఏ స్కానూ చెప్పని చోట
జొన్నగింజంత ఇంకొకటి.

ఎవరమూ కేక పెట్టలేదు.

మూడోది కూడా మెరిసింది.
మేడమ్ వేలితో నొక్కింది,
అల్ట్రాసౌండ్ ఆనించింది, చాలాసేపు చూసింది,
వదిలేసింది.
గట్టిపడిన కాలేయంలో ఉత్త బొడిపెలూ మెరుస్తాయట,
చేలో గాజుపెంకుల్లాగా.
మెరవనివీ ఉంటాయట,
ఈ వెలుగు గోరెడు లోతు దాటి దిగదట.
ఆ మాట ఎవరితోనో కాదు, తనతోనే అనుకుంది.

లైట్లు వేశాను.
అంతా మళ్లీ ఒకటే ఎరుపు.
ఇప్పుడే చూసిన అంచు
ఎక్కడుందో నన్నడిగితే చూపలేను.
మేడమ్ చేతులు మరిచిపోలేదు.
కోస్తూ, మళ్లీ ఆర్పమంటూ, మళ్లీ వేయమంటూ
పదకొండుసార్లు.
నేను లెక్కపెట్టాను.

రెండు ముక్కలనూ మందునీళ్ల డబ్బాల్లో వేసి
పేరు, వయసు, తేదీ రాసి పంపాను.
ఇరవై ఏళ్ల వెతుకులాటకు
అతని పేరుమీద రాసిన మొదటి రసీదు.

మర్నాడు పొద్దున కళ్లు తెరిచి
పెదాలు తడుపుకుని అడిగాడు:
"దొరికిందా?"
"దొరికింది."
"ఎన్ని?"
"రెండు."

నవ్వబోతే కుట్లు లాగాయి.
సూది ఉన్న చేతిని మెల్లగా గుప్పిట మూసి
"యారికీ చెప్పాకు" అన్నాడు.

మూడో మెరుపు సంగతి
నేను చెప్పలేదు.