సీసా మెడకు మువ్వ

ఆదివారం పొద్దుగాల వారాసిగూడ గల్లీల
ఖాజామియా సైకిల్ గంట కన్నా ముందు
ఘాటు వస్తది.
"యాసీడ్... ఫినాయిల్..."
క్యారియర్ మీద నీలం డబ్బా,
హ్యాండిల్‌కు ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల దండ.
ఎవరో ఏ ఎండాకాలమో తాగి పడేసిన తీపి సీసల
లీటరు నలభై రూపాయల నిప్పు.
చూస్తే నీళ్లే.
అదే దాని దగా.

నేను ఇరవై ఆరేండ్లు
ఆడపిల్లల కాలేజీ ల్యాబుల అటెండర్‌ను.
చదివింది ఏడు.
కడిగిన గాజుకు లెక్క లేదు.
సార్లు మారిండ్రు, సిలబస్ మారింది,
ఒక్క మాట మారలే:
నీళ్లల్ల యాసిడ్ పొయ్యాలె,
యాసిడ్ల నీళ్లు పొయ్యొద్దు.
సన్నగ, గాజుకడ్డీ పొంటి జారినట్టు.
తొందరపడితే ఉడుకుతది, ఎగురుతది,
మొహం ఎక్కడుందో వెతుక్కుంటది.
నా ముంజేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ,
మొదటి ఏడాది బోనస్.

ఇంట్ల మాత్రం అన్నీ సాధువులే అనుకుంటం.
చింతపండుతోటి ఇత్తడి చెంబు తోముతం,
తమలపాకుకు సున్నం రాస్తం, నాలుక పొక్కితే తిట్టుకుంటం.
పసుపు మరక మీద సబ్బు రుద్దితే
ఎర్రగ ఉలిక్కిపడుతది.
మా అత్త దిష్టినీళ్లు కలిపినప్పుడల్లా
పసుపుల సున్నం పడి పళ్లెం ఎర్రబడితే
నాకు మూడో బెంచి మీది పరీక్షనాళిక యాదికొచ్చేది.

పక్కింటి లచ్చవ్వ
పద్మారావునగర్‌ల మూడిండ్లు కడుగుతది.
పోయిన కార్తీకంల ఒక బాత్రూంల
తలుపేసుకొని బ్లీచింగ్ పౌడర్ చల్లింది.
మరక పోలేదని పైనుంచి యాసిడ్ పోసింది.
పచ్చటి పొగ.
వాచ్‌మన్ తలుపు తన్నకపోతే ఏమయ్యేదో!
రెండు రాత్రులు గాంధీ దవాఖానల ఆక్సిజన్.

"రెండూ మంచియే గదక్కా,
కలిస్తే ఇంకా మంచిగైతదనుకున్న" అన్నది.
నాకు తెలిసిన కొన్ని పెండ్లిళ్లు మతికొచ్చి
నోరు మూసుకున్న.
తర్వాత చెప్పిన, ఒక్కొక్క ముక్క, వేలు పట్టి:
కిటికీ తియ్యి. ఒకసారికి ఒక్కటే వాడు.
గ్లౌజులు అడుగు, ఇయ్యకుంటే పనికి పోకు.
మీద పడితే నూనె కాదు, పసుపు కాదు,
టూత్‌పేస్టు అసలే కాదు,
కుళాయి కింద పావుగంట. ఉత్త నీళ్లు.

ఆమె ఇంట్ల కూడా అదే తీపి సీసా,
సింకు కింద, ఐదేండ్ల మనవడి చెయ్యి అందే ఎత్తుల.
కాగితం మీద రాసి అంటిస్తనన్న.
"నాకు రాత రాదక్కా."
పుర్రె బొమ్మ గీసిన.
పొద్దటికల్లా పిల్లగాడు దానికి మీసాలు పెట్టిండు.

అప్పుడు వాని చెల్లె తెగిన పట్టీల నుంచి
ఒక మువ్వ తీసి
సీసా మెడకు ఎర్రదారంతో కట్టిన,
అటక మీద పెట్టిన.
ఇగ ఎవరు ముట్టినా మోగుతది.

ఖాజామియాను కూడా ఆపి అడిగిన:
మందపాటి తెల్లడబ్బాలల్ల తేరాదా, భాయ్?
"డబ్బాకు పదిహేను ఎవరిస్తరు ఆపా?"
జవాబు నా దగ్గర లేదు.
బేగంబజార్‌కు పోయి డజను మువ్వలు కొన్న.

నిన్న అర్ధరాత్రి గోడ అవతల మోగింది.
చెప్పులు లేకుండ ఉరికిన.
ఎలుక.
నేనూ, లచ్చవ్వా, నిద్రకండ్ల పిల్లగాడూ
ముగ్గురం ఒకటే నవ్వుడు,
ఆమె నవ్వు దగ్గయ్యేదాక.