రెండోసారి పోసిన ముగ్గు

ముహర్రఖ్‌లో మాకిచ్చిన పని గాలిని కొలవడం.
ముత్యాల వ్యాపారి ఎవరో నూరేళ్ళ కింద కట్టుకున్న ఇల్లు,
సముద్రం అడుగు నుంచి కోసుకొచ్చిన పగడపు రాళ్ళ గోడలు,
పైన నాలుగు వైపులా నోరు తెరిచిన గాలి బురుజు.
పదకొండుమందిమి. మూడు టేపులు, ఒక లేజరు.
లేజరు బ్యాటరీ మొదటి రోజే చచ్చింది.

తబస్సుమ్ మేడమ్‌ది ఒకటే మాట:
"చూసింది గీయండి, తెలిసింది కాదు."
హిమజ తలుపు మీది చెక్కడాలు గీస్తుంది.
జోయెల్ మెట్లు లెక్కపెట్టి ప్రతిసారీ ఒకటి తప్పుతాడు.
నేను బురుజు కింద నిలబడి
అగరొత్తి పొగ ఎటు వంగుతుందో రాసుకుంటాను.

టేపు రెండో కొసకి ఒక మనిషి కావాలి.
గోడకి జిప్సం పూస్తున్న ఆయన
తాపీ బకెట్లో పడేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని వచ్చాడు.
"గట్టిగా లాగమని ఈయనకెలా చెప్పాలి?" అన్నాడు జోయెల్.
"గిట్లనే చెప్పు బిడ్డా, ఇంటున్న గద."
టేపు నా చేతిలోంచి జారి
సర్రుమంటూ ఆయన వేళ్ళ దాకా చుట్టుకుపోయింది.

పేరు గంగనర్సయ్య. మల్లాపూర్ దగ్గర ఊరు. పన్నెండేళ్ళు ఇక్కడ.

ఎత్తు తెలియడానికి నా డ్రాయింగులో
బురుజు పక్కన ఒక మనిషిని నిలబెట్టాను,
ఐదడుగుల నాలుగంగుళాలు.
చూసి, "నేనేనా? మొఖం లేదేంది?" అన్నాడు.
మా పద్ధతిలో మొహం వెయ్యరని చెప్పలేక
రబ్బరు వెతుక్కున్నాను.

నాలుగో సాయంత్రం ఫోను తీసి చూపించాడు.
నోటుబుక్కు కాగితం మీద మేస్త్రీ గీసిన ప్లాను,
ముప్పై బై నలభై.
"స్లాబు పడ్డది పోయిన నెల. వీడియోల సూసిన.
వీడియోల అంత పెద్దగనే అవుపడ్తది.
మీరు సదువుకున్నోళ్ళు, చెప్పుండ్రి,
నా ఇల్లు ఎంతున్నది?"

వెయ్యీ రెండొందల చదరపుటడుగులు అన్నాను.
తల ఊపాడు, ఆ అంకె తనకీ తెలుసన్నట్టు.
ఊపుతూనే ఉన్నాడు.

ఇషా నమాజు అయ్యాక ఖాళీ పడిన చిన్న మైదానం.
వాచ్‌మన్ అరగంట ఇచ్చాడు.
చిరిగిన జిప్సం సంచీలోంచి పిడికిళ్ళతో తీసి
గోడలు పోశాం.
హిమజది ముగ్గు పట్టిన చెయ్యి, గీత తెగలేదు.
జోయెల్ గోడ పాములా పోయింది.
"ఊర్ల ముగ్గు పోసిన్నాడు ఫోన్ల సూస్తనే ఉన్న,
నడుమ సిగ్నల్ పోయింది" అన్నాడు గంగనర్సయ్య.

గడప దగ్గర ఆగాడు.
బూట్లు విప్పాడు. లేసుల్లో జిప్సం గడ్డకట్టి
చాలాసేపు పట్టింది.
కుడికాలు పెట్టాడు.

హాల్లో నాలుగడుగులు వేసి "గింతేనా" అన్నాడు.
ఇంకో నాలుగు వేసి "గింతనా!"
పడకగదికి పోతూ తల వంచాడు,
తలుపే లేని గాలిలో.
ఎవరికీ నవ్వు రాలేదు.
వంటింట్లో నిలబడి అటు తిరిగాడు, ఇటు తిరిగాడు.
"పొగ యాడికి పోతది?"

నాలుగు రోజులుగా గాలి దారి గీస్తున్నవాళ్ళం.
కాగితంలో వంటింటికి కిటికీ లేదని
పదకొండుమందిలో ఒక్కరం చూడలేదు.

కాలి బొటనవేలితో తూర్పు గోడని
మూడడుగులు చెరిపాడు ఆయనే.
అక్కడే నిలబడి ఊరికి ఫోను చేశాడు,
అక్కడ పదిన్నర రాత్రి.
"లస్మీ, మేస్త్రీకి చెప్పు. ఆ, వంటింట్ల. గోడ కొట్టమను.
ఇప్పుడే సూసిన. నిలవడి సూసిన."
యాడ నిలవడ్డవని ఆమె అడిగినట్టుంది.
చుట్టూ ఓసారి చూసుకున్నాడు.
"వంటింట్లనే."

తిరిగొచ్చాక జ్యూరీ ముందు పద్నాలుగు షీట్లు పెట్టాం.
గాలి బురుజుకి మంచి మార్కులే పడ్డాయి.
ఆ ఇల్లు ఏ షీటు మీదా లేదు.
మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికే
సగం గాలి ఊడ్చింది, సగం పిల్లల ఫుట్‌బాల్.
జోయెల్ పోసిన వంకర గోడ
కాస్త మిగిలింది.