ముందు నడిచే మాట

స్వనేతి కొండలకి అతిథులొచ్చే కాలం
ఇంకా పన్నెండు రోజులే.
పిండి చేతుల్తోనే నతేలా
మనవడి పాత పుస్తకం ముందేసుకుంది.

"ఆవు ఆన్ ద రోడ్.
ఆవు ఇన్..."
కిటికీలోంచి చూసి
"ఇన్ ద టెంట్!" అని చీపురందుకుని పరిగెత్తింది.

తన భాషలో "మీద" అనే మాట
బల్ల వెనకాలే వస్తుంది, దూడలా.
ఇంగ్లీషులో ముందు నడుస్తుందట
దారి తెలిసిన గైడులా.
తెలిస్తే సరే.

"గది ఉంది, బట్..."
వేణ్ణీళ్ల సంగతి గుర్తొచ్చి
అక్కడే చాలాసేపు ఆగిపోయింది.
"అండ్ అను, బామ్మా" అన్నాడు బెకా.
గది ఉంది, అండ్ మంచుకొండ కనిపిస్తుంది.

చివరి పేజీ: ఓ! ఆహా! ఔచ్!
చదువుతుండగానే పొయ్యి చురుక్కుమంది.
"వైమే!"

తప్పు దిద్దబోయిన బెకా
ముందు చెంబు తెచ్చాడు.
ఆ ఇంట్లో
చన్నీళ్లకేం కొదవ.