మొదటి ఊరు దాటకముందే

అట్టపెట్టెలో రెండు డిస్కులు, మడతల్లో చిరిగిన పటం ఒకటి.
పటానికి దక్షిణం మూల టీ మరక.
సముద్రం కాబోలు అనుకున్నారు తాయారుగారు.

కార్తీకం వాన. రిచీ స్ట్రీట్ నుంచి చూళై దాకా
మోకాటిలోతు నీళ్లలో స్కూటర్ తోసుకుంటూ వచ్చాను.
"పాత కంప్యూటర్ కొంటే కొసరుగా వచ్చింది నాయనా.
మూడొందలిస్తాను, ఆట మాత్రం ఆడాలి."

ముందు రంగులు తగ్గించాలి అన్నాను.
ఇప్పటి తెరకి కోటి రంగులు,
ఈ ఆట ఎరిగినవి రెండొందల యాభై ఆరే.
"నయమే. మా అత్తగారు ఎరిగినవి మూడు."

శబ్దం రాలేదు.
మళ్లీ ఎక్కించాను, రాలేదు.
ఐదో లైను కాదు, ఏడో లైనని గుర్తొచ్చి మార్చానో లేదో
యుద్ధభేరికి పిట్టగోడ మీది పావురాలన్నీ లేచిపోయాయి.
"లైను తప్పితే అంతే మరి" అన్నారావిడ,
ముప్ఫై మూడేళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజీలో
చెవులకి ఇనప కమ్మీ పెట్టుకుని కూర్చున్న మనిషి.

ఇక నా ఉపదేశం.
పాచికలు మళ్లీ మళ్లీ వేయండి,
పద్దెనిమిది పడేదాకా సిగ్గుపడొద్దు.
మొదటిసారి పడ్డవే ఉంచేశారు: బలం తొమ్మిది, అదృష్టం ఆరు.
"నేను పుట్టినప్పుడు రెండోసారి ఎవరేశారు?"
నలుగురికి పేర్లు కూడా ఆవిడే పెట్టారు,
జ్ఞానసుందరి, మెహరున్నీసా, ఫిలోమినా, కుప్పమ్మ.
నైట్ షిఫ్టు జట్టంట.

కత్తి పట్టినావిడ ముందు, మంత్రాలావిడ వెనక.
ఎంత కరువొచ్చినా తాడు అమ్మకండి.
పడుకుని లేస్తేగాని మంత్రం మళ్లీ గుర్తుకు రాదు.
వంతెనకి ముందు ఒకసారి సేవ్, దాటాక ఇంకో గదిలో సేవ్,
పాతదాని మీద కొత్తది రాయొద్దు.
పదో తరగతిలో అలా రాసే విషపుబావిలో నా సేన మొత్తం పోయింది,
దాంతోపాటు అర్ధసంవత్సరం లెక్కల పేపరూ.
ఉత్తరపు అడవి ఇప్పుడే వద్దు.
సత్రం నేలమాళిగలో ఎలుకలుంటాయి,
ముందు వాటిని చంపండి. అనుభవం అక్కడే మొదలు.

తొమ్మిదో రోజు ఫోన్. 'ఈ' మీట అంటుకుపోతోందట.
వెళ్లి చూస్తే జట్టు ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది.
ఎలుకలు క్షేమం.
మంచం మీద గీతల నోటుబుక్కు,
కమ్మరి, గంట కొట్టేవాడు, సత్రం యజమాని, పడవవాడు,
ఎవరు ఏ పేరు తలుచుకున్నారు, ఎవరిని అడిగారు,
ఎవరు మాట మధ్యలో ఆపేశారు,
పేరు నుంచి పేరుకి ఎర్ర పెన్సిలు గీతలు.

"కమ్మరి రోజూ ఇలినా అంటాడు, ఎవరో చెప్పడు.
పడవవాడు అడక్కుండానే అంటాడు, కొలిమి ఇంకా వెలుగుతోందా అని.
ఇద్దరూ లైన్లోనే ఉన్నారు నాయనా,
కలిపేవాళ్లు లేరు."
స్పెల్లింగు తప్పకుండా ఆ పేరు పడవవాడికి కొట్టారట.
వాడు చాలాసేపు ఏమీ అనలేదట.
తర్వాత కట్టు విప్పాడట.

ఇరవై రెండేళ్లలో ఈ ఆట పదకొండుసార్లు ముగించాను.
ప్రతిసారీ వంతెన, వంతెన కింద రాక్షసుడు, రక్తం.
పడవవాడికి చేపలమ్మి వచ్చేసేవాణ్ణి.
వాడికి నోరుందని నాకు తెలీదు.

మీట ఊడదీసి స్పిరిటుతో తుడిచి పెట్టాను.
లోపల బెల్లం పాకం.
తెర మీద పడవ దక్షిణానికి తిరిగింది,
నలుగురూ వరస తప్పి కూర్చున్నారు,
మంత్రాలావిడే ముందు.

పటం విప్పి చూశాను.
మరక కింద ఏం గీశారో కనబడ్డం లేదు.
స్టూలు దగ్గరికి లాక్కున్నాను.
"ముందు సేవ్ చేయండి" అన్నాను, గొంతు నాది కానట్టుంది.

"ఏ గదిలో?" అన్నారు తాయారుగారు,
కళ్లజోడు సర్దుకుంటూ.