నాలుగో మూల

రికార్డు వంకరపోయి వచ్చింది,
పెనం మీద అంచు లేచిన దోసెలా.
రేకుల షెడ్డులో, పాత టైర్ల కింద
ఎన్ని మే నెలలు పడుకుందో.
"మా నాయిన పెట్లో ఉండాది సామీ,
పాడతాదేమో చూడు" అన్నాడు చెంగల్రాయులు.
వేలూరు రోడ్డులో పంక్చర్ల కొట్టు ఆయనది.
అట్ట సగం ఎలుకలు తిన్నాయి.
మిగిలిన సగంలో నాలుగు బాణాలు
గది నాలుగు మూలల్లోకి చూస్తున్నాయి.

నేను బోరు మోటార్లు చుట్టేవాణ్ణి.
గ్రీమ్స్‌పేటలో ఇప్పటికీ
వైండింగు ఏకాంబరం అంటేనే ఇల్లు చూపిస్తారు.
ఏదో హోటలు మూసేస్తూ తూకానికి అమ్మిన
నాలుగు స్పీకర్ల పెట్టె ఒకటి
రాగి కోసం కొన్నాను.
విప్పబుద్ధి కాలేదు.

ముందు దాన్ని చదును చేయాలి.
గ్రానైటు ఫ్యాక్టరీలో బతిమాలి
పాలిషు పట్టిన బిళ్ళలు రెండు తెచ్చి
మధ్యలో పడుకోబెట్టాను, మెట్ల కింద,
పదకొండు రోజులు.
రాయికి తొందర ఉండదు.
రాత్రిళ్ళు లేచి తడిమి చూసింది నేనే.

తర్వాత స్నానం.
బ్యాటరీల కొట్లో దొరికే నీళ్ళు,
గిన్నెల సబ్బు ఒక్క చుక్క,
గాడి వెంబడే నడిచే మేకవెంట్రుకల బ్రష్షు.
కారిన నీళ్ళు బెల్లం పాకం రంగు.

ముల్లు సంగతి చెప్పాలి.
పాతకాలం ముల్లు మొద్దుది.
గాడి గోడల పై అంచునే
ఏళ్ళ తరబడి దున్నుకుంటూ పోయింది.
ముందునీ వెనకనీ విడదీసే రహస్యం
మన చెవికందని సన్నటి వణుకులో ఉంటుంది,
అరిగేటప్పుడు మొదట అదే అరుగుతుంది.
అయినా ఇంకా కిందికి పోతే
ఆ మొద్దు పాదం తొక్కని చోటు కొంత మిగిలే ఉంటుంది.
ఉలి అంచు లాంటి ముల్లయితే అక్కడికి దిగుతుంది.
దాని తీగ తెగితే నేనే చుట్టాను,
వెంట్రుక కన్నా సన్నటి రాగి,
ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది.

కరెంటు ఉన్న ఒక తెల్లవారుజామున
ముల్లు దించాను.

ముందు ఎడమన నాదస్వరం.
ముందు కుడిన ఇంకొకటి, కాస్త ఆత్రంగా,
తమ్ముడై ఉండాలి.
వెనక ఎడమన డోలు.
వెనక కుడి మూల ఖాళీ.

తీగలు మార్చాను. స్పీకరు మార్చాను.
చివరికి నేల మీద కూలబడి చెవి ఆనించాను.
ఒకే స్వరం.
మొదటి నుంచీ ఉంది,
కదలదు గనక వినపడలేదు.
ఒత్తు పట్టిన మనిషి!

అట్ట మీద ముగ్గురి పేర్లున్నాయి.
పాపం ఎలుకలది కాదు,
మూడో పేరు తర్వాత చుక్క పెట్టేశారు.

బుగ్గల్లో గాలి దాచుకుంటూ, ముక్కుతో పీలుస్తూ
ఇరవై రెండు నిమిషాలు ఆ షడ్జాన్ని మోశాడు.
పదిహేడో నిమిషంలో ఒక్కసారి ఆగింది.
"ఒరే, నీళ్ళు" అని గొంతు. చెంబు చప్పుడు.
ఆ కాసేపు అన్నదమ్ములిద్దరూ
చీకట్లో మెట్టు తప్పినట్టు తడబడ్డారు.
మళ్ళీ అదే స్వరం,
ఆగినందుకు సిగ్గుపడి కాబోలు, కొంచెం గట్టిగా.

"నాలుగు పెట్టెలు నేనేం జేసుకునేది?
సెల్లులోకి ఎక్కీ సామీ, చెవిలో పెట్టుకుని ఇంటా."
చెవులు రెండే. మనుషులు నలుగురు.
అన్నదమ్ములు చెవికొకరు సర్దుకున్నారు.
డోలు ఎడమ భుజం వెనక.
ఒత్తును మధ్యలో పెడితే అందరినీ కప్పేస్తాడు,
తగ్గిస్తే మళ్ళీ మాయం.
కంప్యూటరు ముందు మూడు రాత్రులు
ఆయన్ని గది నిండా తిప్పాను.
ఆఖరికి మెడ వెనక గుంటలో కూర్చోబెట్టాను,
క్షవరం అయ్యాక వెంట్రుకలు పోను ఊదే చోట.

చెంగల్రాయులు కొట్టు ముందు స్టూలు మీద విన్నాడు,
లారీ ట్యూబు తొట్టి నీళ్ళలో ముంచి,
బుడగలు ఎక్కడ లేస్తాయో చూస్తూ.
పదిహేడో నిమిషానికి
చటుక్కున వెనక్కి తిరిగాడు.
"ఎవురో నీళ్ళడిగినారే" అన్నాడు.