ఏడో నిమిషం

పక్కింటి సుభాషిణి
విమానాల పాఠం నాకు అప్పజెబుతోంది.
సైకిలు కొట్టు అన్నదమ్ములు, ఇసక దిబ్బ, పన్నెండు సెకన్లు,
సముద్రాన్ని ఒంటరిగా దాటినవాడు,
దాటబోయి మళ్ళీ కనిపించని ఆవిడ.
ఒక్క పేరూ తడబడలేదు.
"ఇంకెవరైనా ఉన్నారా తాతగారూ?" పుస్తకం మూయబోతూ అడిగింది.

ఉన్నాడమ్మా.
మార్జిన్‌లో రాసుకో: సూరాడ పోలయ్య.

గోపాల్‌పూర్ లైట్‌హౌసుకి ఇవతల
వాతావరణ ఆఫీసులో నేను అబ్జర్వరుని,
అతను బెలూన్ పట్టుకునేవాడు.
జీతాల పుస్తకంలో హోదా ఖలాసీ.
నోలియా సాహిలో ఇల్లు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా,
సముద్రంతో ఏ భాషో నాకు తెలీదు.

తెల్లారుజామున డ్రమ్ములో కాస్టిక్ సోడా బుసకొట్టేది.
రబ్బరు తిత్తి చూలు మేక పొట్టలా ఉబ్బేది.
ఆకాశం తేటగా ఉంటే తెల్లది,
మబ్బులు చెదురుగా ఉంటే ఎర్రది,
మూసుకుపోతే నల్లది.
"వదిలీమంతారా బావూ?"
తెప్పని నీళ్ళలోకి తోసినట్టే వదిలేవాడు,
ముందు ఒళ్ళంతా, తరవాత అరచేతులు, చివరికి చూపు.
నేను థియోడొలైట్‌కి కన్నానించి
నిమిషానికోసారి కోణం చదివేవాణ్ణి.
స్లైడ్ రూలు జరిపి తంతి కొట్టేవాళ్ళం:
మూడువేల అడుగుల దగ్గర నైరుతి, పదిహేను నాట్లు.
ఎక్కడో ఒక పైలట్ ఆ అంకె చూసి
ముక్కు కాస్త ఎడమకి తిప్పుకునేవాడు.
అంతే మా చుట్టరికం.

రాత్రిళ్ళు బెలూన్ కింద కాయితం లాంతరు, అందులో కొవ్వొత్తి.
పైన హైడ్రోజన్, కింద నిప్పు, మధ్యలో నాలుగు బారల దారం.
ఓసారి పోలయ్య కుడి కనుబొమ్మ కాలిపోయింది.
"సముద్రం ఇంతకన్నా ఎక్కువే తీసుకుంటాది" అన్నాడు.
కార్తీక పున్నానికి ఒడ్డంతా
అరటిదొప్ప పడవల్లో దీపాలు తేలుతుంటే
ఆడవాళ్ళందరూ నీళ్ళకేసి చూసేవారు.
అతని కూతురు పైడమ్మ ఒక్కతే
మెడ వెనక్కి వంచి, "అదిగో మా అయ్య దీపం" అనేది.

ఇక ఆ అక్టోబరు మంగళవారం.
రంగైలుండా స్ట్రిప్పు మీద రెండంతస్తుల రెక్కల చిన్న విమానం,
లోపల టపా సంచులు, కలరా మందు.
పైలట్ ఫోను: గాలి చెప్పండి.
ఎర్రది వదిలాం.
ఆరో నిమిషం దాకా బుద్ధిగా ఎక్కింది,
ఏడో నిమిషంలో మబ్బు మింగేసింది.
అప్పటిదాకా అంకెలన్నీ మంచివే. ఎగరొచ్చు.

పోలయ్య పైకి చూడటం లేదు.
ఆకు కదలటం లేదు గానీ
అల మాత్రం ఆగ్నేయం నుంచి, పొడుగ్గా, బరువుగా,
వెనకనించి ఎవరో తోస్తున్నట్టు వస్తోంది.
"బావూ, గాలి నేకపోడం కాదిది.
ఊపిరి బిగబట్టీసినాది."

ఫారంలో పదకొండు గళ్ళున్నాయి,
ఆ మాటకి మాత్రం గడి లేదు.
ఫోనెత్తి చెప్పాను: ఎగరొద్దు.
కారణం అడిగాడు. లైను సరిగా లేదన్నట్టు ఊరుకున్నాను.
అతను నన్ను ఇంగ్లీషులో తిట్టాడు,
చాలక హిందీలో కూడా.

పోలయ్య ఆఫీసు సైకిలెక్కి వెళ్ళి
వలతాళ్ళతో ఆ విమానాన్ని నేలకి కట్టేశాడు,
తెప్పకి వేసే ముడితో.
రాత్రికి సరుగుడు తోట పడుకుంది.
మా ఆఫీసు కప్పు లేచిపోయింది,
అదొక్కటే ఆ రోజు బాగా ఎగిరింది.
తెల్లారి చూస్తే కింది రెక్క గుడ్డ చినిగిన విమానం,
దాని పొట్టకింద తడిసి ముద్దయిన పైలట్.
మొదట ముడి తడిమి చూశాడట,
తరవాత పోలయ్యకి సిగరెట్ ఇచ్చాడట.

ఎగిరినవాళ్ళకీ కూలినవాళ్ళకీ పుస్తకాలున్నాయి.
ఎగరకుండా మిగిలిన మంగళవారానికి
రిజిస్టరులో ఒకే వరుస:
ఏడో నిమిషం, కనుమరుగు.
సంతకం నాది.

సుభాషిణి పెన్సిల్ చెక్కుకుంది.
"సూరాడకి ఏ డ తాతగారూ? ఒత్తుందా?"

లేదమ్మా. మామూలు డ.